కారు సైలెన్సర్‌లోంచి రంగు పొగ: తరచుగా అడిగే ప్రశ్నలు

పొగ రంగు చూస్తే జబ్బు తెలిసిపోతుందని చాలామంది నమ్మకం. రంగు చెప్పేది సగమే. కాలుతున్నది ఇంజిన్ ఆయిలా, కూలెంటా (ఇంజిన్‌ని చల్లార్చే ద్రవం), మోతాదు మించిన పెట్రోలా అన్నంతవరకు అది చెబుతుంది. ఆ ఆయిల్ ఏ దారిన సిలిండర్‌లోకి దిగుతోందో తెలియాలంటే పొగ ఏ వేళప్పుడు వస్తోంది, ఏ వాసన వేస్తోంది, బానెట్ కింద ఏ మట్టం తగ్గుతోంది అన్నవి చూడాలి. ఇవేవీ అడక్కుండా "హెడ్ (సిలిండర్ల పైమూత) దింపాల్సిందే" అనే షెడ్డులో బండి తాళం వదిలి రావొద్దు.

షెడ్డుకి వెళ్లేముందు నేనేం గమనించాలి?

రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒకసారి చూడండి. పంజాగుట్ట లాంటి చోట సిగ్నల్ దగ్గర నాలుగైదు నిమిషాలు ఆగి, పచ్చలైటు పడగానే కదిలేటప్పుడు ఒకసారి. ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఒకసారి. గేర్‌లోనే ఉంచి కాలు తీసేసి వాలు దిగి, కింద మళ్లీ తొక్కినప్పుడు ఒకసారి. ఈ నాలుగు సందర్భాల్లో ఎప్పుడు పొగ వచ్చిందో రాసుకుంటే మెకానిక్‌కి సగం పని తగ్గుతుంది. పొగ డ్రైవర్‌కి సరిగా కనిపించదు కాబట్టి వెనక బండిలో ఎవరినైనా కూర్చోబెట్టి ఫోన్‌లో వీడియో తీయించండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మీద మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. సమతలం మీద బండి ఆపి, ఐదు పది నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీసి ఆయిల్ ఎక్కడుందో చూడండి. వారం తర్వాత అదే చోట, అదే వేళకు మళ్లీ చూడండి.

ఇంకో తేలికైన పరీక్ష: సైలెన్సర్ చివరికి ఒక అడుగు దూరంలో తెల్ల కాగితాన్ని పటకారుతో నిమిషంసేపు పట్టుకోండి. నీటి చుక్కలైతే ఆరిపోయి మరక మిగలదు. ఆయిలైతే బజ్జీల పొట్లానికి అంటినట్టు నూనె మచ్చలు పడి, వెలుతురుకి పెడితే అవతలిది కనిపిస్తుంది. పొడి మసి అయితే వేలితో రాస్తే రాలుతుంది.

డిసెంబర్‌లో పొద్దున్నే తెల్ల పొగ వస్తుంది, పది నిమిషాలకు పోతుంది. జబ్బేనా?

కాదు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. సైలెన్సర్ చల్లగా ఉన్నంతసేపూ ఆ ఆవిరి కంటికి కనిపిస్తుంది, కొంత చుక్కలుగా కారుతుంది. సీఎన్‌జీ బండ్లలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ గ్యాసులో హైడ్రోజన్ పాలు ఎక్కువ. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఆ నీరు ఆవిరవక సైలెన్సర్ లోపల తుప్పు పడుతుంది. వారానికోసారైనా అరగంట ఏకబిగిన నడపండి.

మరి ఆవిరికీ కూలెంట్ పొగకీ తేడా ఎలా?

ఆవిరి సైలెన్సర్ దాటి కొద్ది దూరంలోనే మాయమవుతుంది. కూలెంట్ పొగ చిక్కగా, బండి వెనక గాలిలో చాలాసేపు వేలాడుతుంది, ఇంజిన్ పూర్తిగా వేడెక్కినా ఆగదు. మే నెల మిట్టమధ్యాహ్నం తెల్ల పొగ కనిపిస్తే అది మంచు ఆవిరి అని సర్దిచెప్పుకునే వీలే లేదు. వాసన కాస్త తియ్యగా ఉంటుంది. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ వల్ల ఆ తీపి. అది విషం, కింద కారితే కుక్కలూ పిల్లులూ నాకుతాయి, వెంటనే నీళ్లతో కడిగేయండి.

మిగతా ఆనవాళ్లు: ఇంజిన్ చల్లగా ఉండగా రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా రావడం, స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే, ఇంకా వేడెక్కకముందే, రేడియేటర్ పై హోస్ (రబ్బరు గొట్టం) రాయిలా గట్టిపడటం, స్టార్ట్ అయిన తొలి అరనిమిషం ఒక సిలిండర్ కొట్టక ఇంజిన్ వణకడం. స్పార్క్ ప్లగ్గులు విప్పి వరసగా పెడితే ఒకటి మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే, నీళ్లు దిగుతున్నది ఆ సిలిండర్‌లోకే.

ఆయిల్ మూత కింద మజ్జిగ నురగ లాంటిది కనిపించగానే గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజిన్ దిమ్మకీ మధ్య బిగించే పలచటి రేకు) పోయిందని భయపెట్టేవాళ్లున్నారు. తక్కువ దూరాలు తిరిగే బండ్లలో, వానాకాలంలో, ఆవిరి అక్కడ పేరుకున్నా అలాగే ఉంటుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే నురగ ఉందా, కూలెంట్ తగ్గుతోందా అని చూశాకే మాట్లాడాలి.

కూలెంట్ తగ్గుతోంది, కింద ఎక్కడా చుక్క లేదు. హెడ్ గ్యాస్కెట్టేనా?

కావచ్చు, కాకపోవచ్చు. ముందు ప్రెజర్ టెస్ట్ చేయించండి. చల్లటి ఇంజిన్‌కి రేడియేటర్ మూత స్థానంలో చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా, అంటే చాలా బండ్లలో 0.9 నుంచి 1.1 బార్ వరకు, గాలి కొట్టి పావుగంట వదిలేస్తారు. ముల్లు పడిపోతే ఎక్కడో లీకు ఉన్నట్టు. వాటర్ పంపు కింద తడి, హోస్ క్లిప్పుల దగ్గర తెల్లటి ఉప్పు చారలు, ముందు సీటు కింద కార్పెట్ చెమ్మ (హీటర్ కోర్ లీకు) చూసుకుంటూ పోవాలి. ఎక్కడా తడి లేకుండా ముల్లు పడిపోతుంటే నీళ్లు లోపలికే వెళ్తున్నాయి.

తర్వాతది నీలి ద్రవం పరీక్ష. రేడియేటర్ నోటి మీద ఒక గాజుగొట్టం పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా అక్కడి గాలిని నీలం రంగు ద్రవంలోంచి పీలుస్తారు. ఆ గాలిలో ఇంజిన్ కాల్చిన వాయువు ఉంటే నీలం పసుపుకి తిరుగుతుంది. కూలెంట్ గొట్టంలోకి ఎక్కకుండా ముందే మట్టం కొంచెం తగ్గించాలి, లేకపోతే పరీక్ష చెడిపోతుంది. ఇంత చిన్న పనికి బద్ధకించి హెడ్ విప్పడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

డీజిల్ బండిలో మరో అనుమానితుడు ఈజీఆర్ కూలర్. సైలెన్సర్‌కి వెళ్లే పొగలో కొంత భాగాన్ని చల్లార్చి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈ భాగం లోపల చిల్లు పడితే కూలెంట్ నేరుగా ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్ గాలి పీల్చే దారి) పోతుంది. లక్షణాలన్నీ గ్యాస్కెట్‌వే, గ్యాస్కెట్ మాత్రం శుభ్రంగా ఉంటుంది. కూలర్ విప్పి, రెండు చివరలా మూసి, నీళ్లలో ముంచి గాలి కొడితే బుడగలు చెప్పేస్తాయి. పాత పెట్రోల్ బండ్లలో అరుదుగా బ్రేక్ మాస్టర్ సిలిండర్ వెనక సీల్ పోయి, బ్రేక్ ఆయిల్ బూస్టర్‌లోకి (బ్రేక్ బలం పెంచే భాగం), అక్కడి నుంచి వాక్యూమ్ పైపులోంచి ఇంజిన్‌లోకి పోయి తెల్ల పొగ ఇస్తుంది. కూలెంట్ తగ్గకుండా బ్రేక్ ఆయిల్ తగ్గుతోందంటే ఇదే. అప్పుడు పొగ సంగతి పక్కనపెట్టి బ్రేకుల సంగతి చూడాలి.

కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయొచ్చా?

దారిలో ఆగిపోతే ఇంటికి చేరడానికి పోయండి, తర్వాత ఖాళీ చేయించండి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. గీజర్ కాయిల్‌కి పట్టే తెల్లటి పెచ్చే ఇంజిన్ లోపలి దారుల్లోనూ పడుతుంది. అల్యూమినియం హెడ్‌ని కూడా కొరుకుతుంది. గాఢ కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలపండి. ముందే కలిపి అమ్మేదైతే నీళ్లు అక్కర్లేదు.

గ్యాస్కెట్ పోయిందని తేలింది. హెడ్ దింపేటప్పుడు ఏమేం అడగాలి?

మొదటి ప్రశ్న: అసలు ఎందుకు పోయింది? గ్యాస్కెట్ తనంతట తాను పోవడం తక్కువ. ఫ్యాన్ తిరగకో, థర్మోస్టాట్ మూసుకుపోయో, రేడియేటర్ పూడిపోయో ఇంజిన్ హీటెక్కితే హెడ్ వంగుతుంది, ఆ వంకర సందులో గ్యాస్కెట్ కాలుతుంది. కారణం వదిలేసి గ్యాస్కెట్ మారిస్తే ఏప్రిల్‌లో చేసిన పని మే నెలాఖరుకి మళ్లీ ముందుకొస్తుంది.

రెండోది, హెడ్ చదును. లేత్ షాపులో స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూస్తారు. 0.05 మిల్లీమీటర్ రేకు దూరితే చాలా ఇంజిన్లలో ఫేసింగ్ (హెడ్ అడుగుని చెక్కి చదును చేయడం) అవసరం. కచ్చితమైన హద్దు ఆ ఇంజిన్ మాన్యువల్‌లో ఉంటుంది. ఎంత తీశారో రాయించుకోండి. ఎక్కువ తీస్తే కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కుకున్న గాలి ఒత్తిడి) పెరుగుతుంది, కొన్ని డీజిళ్లలో వాల్వ్ పిస్టన్‌కి తగులుతుంది. అందుకే డీజిల్ గ్యాస్కెట్లు రెండు మూడు మందాల్లో వస్తాయి, అంచున గాట్లో చిల్లులో గుర్తుగా ఉంటాయి. పాతదాని గాట్లు లెక్కపెట్టి, పిస్టన్ ఎంత పైకి వస్తోందో కొలిచాక కొత్తది కొనాలి. ఫేసింగ్‌కి ముందే హెడ్‌కి ప్రెజర్ టెస్ట్ చేయించండి. వాల్వుల మధ్య పగులు ఉంటే ఫేసింగ్ డబ్బులు వృథా.

మూడోది బోల్టులు. ఈ కాలపు హెడ్ బోల్టుల్లో చాలావాటిని సాగేలా చేసి బిగిస్తారు: ముందు కొంత టార్క్ (తిప్పే బలం), ఆ తర్వాత 90 డిగ్రీలు, కొన్నింటికి మరో 90. అవి ఒకసారికే. పాతవే బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. మధ్య బోల్టుతో మొదలుపెట్టి బయటికి వెళ్లే వరస తప్పకూడదు. పానాతో చేతివాటంగా బిగించే పని కాదిది, టార్క్ రెంచ్ ఉన్న షెడ్డుకే ఇవ్వాలి.

డీజిల్ బండి, పొద్దున తెల్ల పొగ, కళ్లు మండుతున్నాయి. కూలెంట్ మాత్రం తగ్గలేదు.

అది కాలని డీజిల్. స్టార్టింగ్‌లో సిలిండర్లని వేడిచేసే హీటర్ ప్లగ్గుల్లో ఒకటో రెండో పోతే ఆ సిలిండర్లు చల్లగా ఉండి డీజిల్ అంటుకోదు. ప్లగ్గు వైరు తీసి మల్టీమీటర్‌తో చూస్తే మంచి ప్లగ్గు ఒక ఓమ్ అటూ ఇటూగా చూపిస్తుంది, పోయినది తెగిన తీగలా ఉంటుంది. హైదరాబాద్ చలికి హీటర్ ప్లగ్గు ఒక్కటి పోయినా బండి స్టార్ట్ అవుతుంది, అందుకే పట్టించుకోరు. వేడెక్కాక కూడా పొగ, కొట్టుడు శబ్దం ఉంటే డీజిల్ చిమ్మే నాజిల్ కారుతోంది లేదా ఆ సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోయింది. కామన్ రైల్ (నాజిళ్లన్నిటికీ ఒకే పైపు నుంచి డీజిల్ అందే) బండ్లలో నాజిళ్ల రిటర్న్ పైపులు తీసి ఒక్కోదానికి చిన్న సీసా తగిలించి, నిమిషంలో ఏది ఎంత వెనక్కి వదులుతోందో పోల్చి చూస్తారు. మిగతావాటికి రెట్టింపు వదిలేదాన్ని విప్పి టెస్ట్ బెంచ్ మీద పెట్టించాలి.

నీలి పొగ అంటే ఇంజిన్ బోర్‌కి (సిలిండర్లు తొలిచే పనికి) వచ్చినట్టేనా?

ఈ ఒక్క మాట వల్ల బాగున్న ఇంజిన్లు ఎన్నో విప్పుతున్నారు. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోందని మాత్రమే. ఆయిల్ దిగడానికి నాలుగు దారులున్నాయి: పైనుంచి వాల్వ్ సీల్స్, కిందినుంచి పిస్టన్ రింగులు, పక్కనుంచి టర్బో (ఇంజిన్‌లోకి గాలి తోసే పంపు), బ్రీదర్ పైపు (ఇంజిన్ అడుగున చేరే గాలిని వదిలేది). వీటిలో బోర్ పని దాకా వెళ్లేది రింగులొక్కటే.

వాల్వ్ సీల్స్ పోతే బండి ఆగి ఉన్నప్పుడు ఆయిల్ వాల్వ్ కాడ వెంట బొట్లుబొట్లుగా కారి చేరుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే బుస్సున నీలి మేఘం ఒకటి, కాసేపటికి శుభ్రం. సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగి కదిలినప్పుడు మళ్లీ ఒక మేఘం. పెట్రోల్ బండిలో ఇంకో గట్టి గుర్తు ఉంది. అనంతగిరి ఘాట్ దిగుతూ కాలు తీసేసి గేర్ మీద వస్తే, థ్రాటిల్ మూసుకుని ఇన్‌టేక్‌లో వాక్యూమ్ బాగా పెరిగి సీల్ సందులోంచి ఆయిల్ పీల్చుకుంటుంది. కింద మళ్లీ తొక్కగానే వెనక బండివాడికి రోడ్డు కనపడదు. డీజిల్‌లో కాలు తీసినప్పుడు అంత వాక్యూమ్ పుట్టదు కాబట్టి ఈ పరీక్ష నమ్మొద్దు.

రింగులు పోతే లక్షణం తిరగబడుతుంది. లోడు మీద, ఎక్కుడు మీద, తొక్కినకొద్దీ పొగ. స్టార్ట్ చేసినప్పుడు పెద్దగా ఉండదు. పికప్ తగ్గుతుంది, డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఆయిల్ చిమ్ముతుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత వదులు చేసి ఊరికే పెట్టి చూడండి. మూత తుళ్లుతూ, కింది నుంచి పొగ ఊదుతుంటే పిస్టన్ పక్కనుంచి గాలి కిందికి దిగుతోంది. డీజిల్‌లో కొద్దిగా ఊదడం మామూలే. మూత పక్కకు పడేంత ఊదితే మామూలు కాదు.

అయితే బ్రీదర్ మూసుకుపోయినా మూత అలాగే ఊదుతుంది! బ్రీదర్ దారిలోని పీసీవీ వాల్వ్ జిగురు పట్టి మూసుకుని ఇరుక్కుంటే క్రాంక్‌కేస్‌లో (ఇంజిన్ అడుగు భాగం) ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని సీల్స్ మీదికి తోస్తుంది. తెరుచుకుని ఇరుక్కుంటే ఇన్‌టేక్ ఆయిల్‌ని జుర్రేస్తుంది. ఆ వాల్వ్ చవక, మార్చడం కూడా చాలా బండ్లలో అరగంట పని. ముందు అది మార్చి, ఇన్‌టేక్ పైపు తుడిచి, 200 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి. ఈ ఒక్క పనితో పొగ ఆగిపోయే ఇంజిన్‌ని కూడా లేత్‌కి పంపేవాళ్లున్నారు.

కంప్రెషన్ టెస్ట్ ఎలా చేస్తారు, అంకెలు ఎలా చదవాలి?

ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. ప్లగ్గులన్నీ తీయాలి (ఒక్కటే తీసి కొలిస్తే అంకె తప్పు వస్తుంది), ఇంధనం, ఇగ్నిషన్ ఫ్యూజులు తీయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి ఐదారు కొట్టుళ్లు స్టార్టర్ తిప్పాలి. పెట్రోల్ ఇంజిన్లలో మామూలుగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య, డీజిల్‌లో 350 నుంచి 450 మధ్య చూపిస్తుంది. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అన్నిటికంటే ఎక్కువదానికి తక్కువదానికి 10 నుంచి 15 శాతం దాటితే అనుమానించాలి.

తక్కువ చూపించిన పెట్రోల్ సిలిండర్‌లో ప్లగ్గు బెజ్జంలోంచి ఒక టీ చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె గట్టిగా పెరిగితే ఆయిల్ తాత్కాలికంగా రింగు సందు పూడ్చిందని అర్థం. పెరగకపోతే లోపం వాల్వుల దగ్గర లేదా గ్యాస్కెట్‌లో. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ గోడ కాలింది.

ఒక మెలిక ఉంది. వాల్వ్ సీల్స్ ఎంత పాడైనా కంప్రెషన్ తగ్గదు, ఎందుకంటే ఆ సీల్ గాలిని ఆపేది కాదు, ఆయిల్‌ని ఆపేది. అలాగే పిస్టన్ మీద అడుగున ఉండే ఆయిల్ రింగు మసి పట్టి ఇరుక్కున్నా పై రింగులు బాగుంటే అంకెలు బాగానే వస్తాయి. అంకెలు బాగుండి, పొగ పొద్దునో వాలు దిగాకో మాత్రమే వస్తుంటే సీల్స్. అంకెలు బాగుండి, పొగ తొక్కినప్పుడల్లా వస్తుంటే ఇరుక్కున్న ఆయిల్ రింగు.

సీల్స్ మార్చడానికి హెడ్ దింపాలా?

చాలా ఇంజిన్లలో అక్కర్లేదు. పిస్టన్‌ని పైకి తెచ్చి, ప్లగ్గు బెజ్జంలోంచి 6 బార్ గాలి పెడితే వాల్వులు కిందికి జారకుండా ఆగుతాయి. క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) తీసి, స్ప్రింగు నొక్కి, కాలర్ ముక్కలు తీసి, పాత సీల్ లాగి కొత్తది కూర్చోబెడతారు. మామూలు నైట్రైల్ రబ్బరు వేడికి చెక్కలా గట్టిపడుతుంది. వేడికి ఆగే వైటాన్ రబ్బరు సీల్స్ దొరికితే అవే వేయించండి. వాల్వ్ కాడని వేళ్లతో అటూ ఇటూ కదిపి చూడమనండి. గైడ్‌లో (కాడ జారే గొట్టం) బాగా ఊగుతుంటే కొత్త సీల్ కొన్ని నెలల్లోనే మళ్లీ పోతుంది, అప్పుడు మాత్రం హెడ్ దింపక తప్పదు. రాణిగంజ్, పుత్లీబౌలీ దుకాణాల్లో సీల్స్ సెట్టు కొనేటప్పుడు ఛాసిస్ నంబరు చూపించి కొనండి. ఒకే కారులో సంవత్సరాన్ని బట్టి వాల్వ్ కాడ మందం మారుతుంటుంది.

చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గుతుందంటారు, నిజమా?

కొన్నాళ్లు తగ్గుతుంది. పల్చటి 0డబ్ల్యూ-20 ఆయిల్ కోసం తయారైన ఇంజిన్‌లో చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే స్టార్ట్ చేయగానే ఆయిల్ పైదాకా ఎక్కదు, క్యామ్ అరుగుతుంది, టైమింగ్ మార్చే వాల్వుల పనితీరు పాడవుతుంది. పుండొకచోట, మందొకచోట. అమ్మేయబోయే పాత బండికి పొగ కనపడకుండా చిక్కటి ఆయిల్ డబ్బాలు పోస్తారన్నది అందరికీ తెలిసిందే.

ఆయిల్ మార్పించిన మర్నాటి నుంచే నీలి పొగ.

డిప్‌స్టిక్ చూడండి, పై గీత దాటి ఉంటుంది. కింది గీతకీ పై గీతకీ మధ్య చాలా కార్లలో సుమారు లీటరు తేడా ఉంటుంది. డబ్బాలో మిగిలింది ఎందుకని అంతా పోసేస్తే క్రాంక్ ఆ ఆయిల్‌ని చిలికి బ్రీదర్‌లోంచి తోస్తుంది. ఎక్కువైంది తీయించేస్తే సరి. పొగ సైలెన్సర్‌లోంచి కాక బానెట్ కిందినుంచి వస్తుంటే, పోసేటప్పుడు ఒలికిన ఆయిల్ వేడి మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టాలు) మీద కాలుతోందంతే.

టర్బో పోయిందని ఎలా తెలుస్తుంది?

టర్బో తోసిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు విప్పి చూడండి. లోపల పల్చటి తడి ఉంటే ఫర్వాలేదు, అది బ్రీదర్ ఆవిరి. పైపు వంచితే గరిటెడు ఆయిల్ పడితే టర్బో మీద అనుమానం. టర్బో షాఫ్ట్ పక్కకు కొద్దిగా కదలొచ్చు; ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేలా కదిలితే, లేదా చక్రం రెక్కలు గోడకి రాసుకున్న గీతలుంటే పోయినట్టే. కొత్తది వేసేముందు ఆయిల్ రిటర్న్ పైపు విప్పి శుభ్రం చేయించండి. అది జిగురుతోనో, పూసిన సిలికాన్ ముక్కలతోనో పూడితే ఆయిల్ వెనక్కి దిగలేక సీల్ దాటి పొగవుతుంది, టర్బో మాత్రం నిర్దోషి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పూడినా టర్బో గాలి బదులు ఆయిల్ పీలుస్తుంది.

ఇక్కడొక ప్రమాదం తెలిసి ఉండాలి. డీజిల్ టర్బో సీల్ పూర్తిగా తెగితే ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగి దానంతట అది రేస్ అవుతుంది. తాళం తీసినా ఆగదు. మాన్యువల్ బండి అయితే పెద్ద గేర్ వేసి, బ్రేక్ బలంగా తొక్కి పట్టుకుని క్లచ్ వదిలి ఆపేయండి. గాలి పీల్చే నోటికి చెక్కపలక అడ్డం పెట్టినా ఆగుతుంది. చేయి మాత్రం పెట్టొద్దు.

ఎంత ఆయిల్ తాగితే ఆందోళన పడాలి?

వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు నుంచి లీటరు దాకా ఫర్వాలేదని కొన్ని కంపెనీలు మాన్యువల్లోనే రాస్తాయి. మా లెక్కలో అది వారంటీ ఖర్చు తప్పించుకునే లెక్క. వెయ్యికి పావు లీటరు దాటితే కారణం వెతకండి. పొగ కనిపించకపోయినా ఆ ఆయిల్ బూడిద సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పూడుస్తుంది, దాని ఖరీదు సీల్స్ ఖరీదుకి ఎన్నో రెట్లు.

రీబోర్ చేయించాం, ఇంకా పొగ వస్తోంది.

తొలి 500 నుంచి వెయ్యి కిలోమీటర్లు కొద్దిగా రావచ్చు. రింగులు బోరుకి ఒరుసుకుని కూర్చోవాలి. అందుకు బోరు గోడ మీద హోనింగ్ (రాయితో సన్నగా గీయడం) అడ్డగీతలు ఉండాలి, ఇంజిన్‌కి లోడు తగలాలి. కొత్త ఇంజిన్‌ని గంటలకొద్దీ ఐడిల్‌లో ఉంచితే గోడ అద్దంలా నునుపెక్కి రింగులు ఎప్పటికీ కూర్చోవు. వేగం మారుస్తూ, గుంజుడు మారుస్తూ నడపండి. వెయ్యి దాటినా తగ్గకపోతే పని తప్పింది: రింగు మీద టాప్ గుర్తు కిందికి పెట్టారేమో, రింగు మూతులన్నీ ఒకే వరసలో ఉన్నాయేమో, ఆ మూతి సందు ఎక్కువైందేమో (75 మిల్లీమీటర్ల బోరుకి 0.3 మిల్లీమీటర్ అటూ ఇటూగా ఉండాలి), ఇవే సాధారణ కారణాలు.

పెట్రోల్ కారు నల్ల పొగ ఎందుకు?

గాలికి మించి పెట్రోల్ పడుతోంది. ఎయిర్ ఫిల్టర్‌తో మొదలుపెట్టండి. మెట్రో పిల్లర్ల కింద, కట్టడాల దుమ్ములో తిరిగే బండికి కంపెనీ చెప్పిన గడువులో సగానికే ఫిల్టర్ పూడుతుంది. తర్వాత ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివేది). పి0172 కోడ్ అంటే మిశ్రమం చిక్కబడిందని, అంతే. ఆ కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేయడం పెద్ద పొరపాటు. చాలాసార్లు ఆ సెన్సర్ నిజమే చెబుతోంది. స్కానర్‌లోనే కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి. అరగంట నడిచిన ఇంజిన్‌కి 20 డిగ్రీలు చూపిస్తుంటే ఆ ఉష్ణోగ్రత సెన్సర్ పోయింది. కంప్యూటర్ ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోల్ కుమ్మరిస్తోంది. ఇన్‌టేక్ ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ మసి, కారే ఇంజెక్టర్, ఫ్యూయల్ ప్రెజర్ ఎక్కువవడం మిగతా కారణాలు. ఇంజిన్ ఆపాక ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే రైల్ (పైపు) ఒత్తిడి నిమిషాల్లో పడిపోతుంటే ఇంజెక్టర్ కారుతుండొచ్చు. డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడితే ఆయిల్ పల్చబడింది, వెంటనే మార్చండి.

డీజిల్ నల్ల పొగ?

తొక్కినప్పుడు ఒక్క ఊపు నల్ల పొగ పాత డీజిళ్లకు మామూలు. ఎక్కుడు మీద ఆగకుండా వస్తే టర్బో తర్వాతి హోస్ చీలిందేమో చూడండి: ఇంజిన్ రేస్ చేస్తే బుస్సుమనే శబ్దం, చీలిక చుట్టూ నూనె మసి, స్కానర్‌లో పి0299 (టర్బో ఒత్తిడి తక్కువ). తెరుచుకుని ఇరుక్కున్న ఈజీఆర్ వాల్వ్ రెండో కారణం. నాజిల్ మూడోది. కానీ షెడ్డుల్లో మొదట నాజిళ్లే విప్పుతారు, ఎందుకో మరి.

మా బీఎస్6 డీజిల్‌లో డీపీఎఫ్ లైటు వెలిగింది, తెల్ల పొగ, కాలిన వాసన.

పేరుకున్న మసిని డీపీఎఫ్ (సైలెన్సర్ దారిలో డీజిల్ మసి పట్టే ఫిల్టర్) తానే కాల్చుకుంటోంది. లోపల 600 డిగ్రీల దాకా వేడి పుడుతుంది. మధ్యలో ఇంజిన్ ఆపకండి. మాధాపూర్ నుంచి కొండాపూర్ దాకా మాత్రమే తిరిగే బండికి ఆ వేడి పుట్టదు. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఒకే వేగంతో వెళ్తే 20 కిలోమీటర్ల పైనే ఉంటుంది, చాలావరకు సరిపోతుంది. సగంలో ఆగిన ప్రతిసారీ కొంత డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది, కాబట్టి ఆయిల్ మట్టం పెరుగుతోందంటే సంతోషించొద్దు. ఈ బండిలో నల్ల పొగ అసలు కనిపించకూడదు. కనిపిస్తే ఫిల్టర్ పగిలింది, లేదా మీకు ముందు వాడినవాళ్లు కోసి తీసేశారు.

వాన నీళ్లలో బండి ఆగిపోయింది. తర్వాత పొగ మొదలైంది.

2020 అక్టోబర్ 13, 14 తేదీల వానల్లో నగరంలో చాలా బండ్లు నీట మునిగాయి. మునిగిన బండిని ఎట్టి పరిస్థితుల్లోనూ స్టార్ట్ చేయొద్దు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు తీసి స్టార్టర్ తిప్పి నీళ్లు చిమ్మించాలి, ఆయిల్, ఫిల్టర్లు మార్చాలి. రాడ్ కొద్దిగా వంగినా బండి నడుస్తుంది, కానీ పిస్టన్ పక్కకి ఒరిగి బోరు గీసుకుని వారాల తర్వాత నీలి పొగ మొదలవుతుంది. ఒకే సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువ, ఆ పిస్టన్ మిగతావాటి ఎత్తుకి రాకపోవడం, ఈ రెండూ కలిస్తే రాడ్ వంగింది.

ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్ల పొగ వస్తుందా?

రంగు పొగ రాదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం పల్చనయ్యే వైపే వెళ్తుంది. ట్యాంకులోకి నీళ్లు చేరితే మాత్రం ఇథనాల్ నీళ్లతో కలిసి అడుగుకి దిగి, ఇంజిన్ మిస్ అవుతుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా, పొగ వస్తే ఏమవుతుంది?

బీఎస్4 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణం), ఆ తర్వాతి బండ్లకు సర్టిఫికెట్ ఏడాది, పాతవాటికి ఆరు నెలలు చెల్లుతుంది. బీఎస్4 పెట్రోల్ కారుకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం హద్దు. డీజిల్‌కి పొగ చిక్కదనం బీఎస్4లో 50, అంతకు ముందువాటిలో 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనం కొలత). నీలి పొగ కొద్దిగా ఉన్న పెట్రోల్ బండి ఈ పరీక్ష పాసైపోవచ్చు. ఆ యంత్రం కొలిచేది వాయువుల్ని, ఆయిల్ పొగని కాదు. అందుకని ఆ కాగితాన్ని ఇంజిన్ ఆరోగ్యానికి రుజువుగా చూపించుకోవద్దు.

పొగ వస్తున్న బండిని నడుపుతూ ఉండొచ్చా?

కూలెంట్ పొగ అయితే ఆపేయండి, లాగించుకుని వెళ్లండి. నీలి పొగ అయితే ఆయిల్ మట్టం రోజూ చూసుకుంటూ కొన్ని వారాలు నెట్టుకురావచ్చు. పెట్రోల్ నల్ల పొగ అయితే వారం దాటనివ్వొద్దు, క్యాటలిటిక్ కన్వర్టర్ కరుగుతుంది.

పాత కారు కొంటున్నాను, పొగ ఉందో లేదో ఎలా కనిపెట్టాలి?

రాత్రే ఫోన్ చేసి, పొద్దున మీరొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మర్నాడు వస్తానని చెప్పి తిరిగొచ్చేయండి.